కొబ్బరితోట వీధి ఉపకార్యాలయం

కాకినాడలో గృహ సంఖ్యల సవరణ శాఖ అని ఒకటుంది. ఎవరి ఇంటి నంబరైనా రికార్డుల్లో తప్పుగా పడితే దాన్ని సరిచేసి పత్రం ఇవ్వడం ఆ శాఖ పని. తప్పు పడడానికి అరపూట చాలు. సరికావడానికి సగటున ఏడేళ్లు పడుతుందని శాఖవారి వార్షిక నివేదికే కొంచెం గర్వంగా చెప్పుకుంటుంది.

ఆ శాఖలో సీనియర్ అసిస్టెంటు హైమవతి ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క అబద్ధం కూడా కాగితం మీద పెట్టలేదు. అక్కడ అది నేరమేమీ కాదు. ప్రమోషన్‌కి పనికొచ్చే అర్హత కూడా కాదు. ఆమెతో చేరినవాళ్లు సూపరింటెండెంట్లై తిరిగే కుర్చీల్లో తిరుగుతుంటే, ఆమె మాత్రం తిరగని కుర్చీలో కూర్చుని "ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది" అని రాస్తూ ఉండిపోయింది. ఈ ఏడాది జాబితాలో మొదటి పేరు తనదేనని తెలిసి, ఒక్క సెలవు కూడా పెట్టకుండా జాగ్రత్తగా ఉంది.

అలాంటి సమయంలో జాయింట్ డైరెక్టర్ విద్యానందరావుగారు ఏదో చల్లటి ఊళ్లో మూడు రోజుల సదస్సుకు వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు ఒక స్వెట్టరు తీసుకెళ్లడం, వచ్చేటప్పుడు ఒక పథకం తీసుకురావడం ఆయనకు అలవాటు. ఈసారి తెచ్చిన దాని పేరు "తీగరహిత గృహవిధి పథకం". ప్రతి బుధవారం ఉద్యోగులంతా ఇంటి నుంచే పనిచేయాలి. వైర్లూ గీర్లూ లేకుండా, గాలిలోంచే. గృహ హాజరు నూటికి నూరు ఉన్నవారికే ప్రమోషన్.

ఇందుకోసం తలా ఒక కంప్యూటరు ఇచ్చారు. అవి పన్నెండేళ్ల కిందట కొని, ఎక్కడ పెట్టాలో తేలక గోడౌన్‌లో దాచినవి. వాటిలో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసిన కంపెనీయే వదిలేసి చాలా ఏళ్లయింది. శాఖ మాత్రం వదల్లేదు. ఆమోదిత జాబితాలో ఉన్నది అదొక్కటే మరి.

కంప్యూటరు ఆటోలో కొబ్బరితోట వీధికి వచ్చింది. హైమవతి భర్త గవర్రాజు బస్సు డిపోలో టైర్ల సెక్షన్‌లో పనిచేస్తాడు కాబట్టి బరువు తెలిసినవాడు. అతనికే దాన్ని ముందుగదిలోకి మోసేసరికి నడుం పట్టేసింది. అత్తగారు అప్పయ్యమ్మ చుట్టూ తిరిగి చూసింది.

"ఇదేంటే, బియ్యం డబ్బాకి మూత మర్చిపోయినట్టుంది!"

మొదటి బుధవారం పదిన్నరకి హైమవతి స్నానం చేసి, ఆఫీసు చీర కట్టుకుని దాని ముందు కూర్చుంది. ఇంట్లో వైఫై ఉంది. ఫోన్లో బ్రహ్మాండంగా వస్తోంది. కంప్యూటరుకు కూడా దాని పేరు కనిపించింది. పాస్‌వర్డ్ కొట్టింది. "కలుపుతున్నాను" అంది. కలుపుతూనే ఉంది. కాసేపటికి మూలన పసుపుపచ్చ త్రిభుజం ఒకటి వెలిసింది. దానిమీద నొక్కితే సమస్యలు పరిష్కరించే కిటికీ తెరుచుకుని, పది నిమిషాలు తీవ్రంగా ఆలోచించి తేల్చింది: "మీకు ఇంటర్నెట్ లేదు. పరిష్కారం కోసం ఇంటర్నెట్‌లో వెతకండి."

"తాళంచెవి పెట్లో పెట్టి పెట్టికి తాళం వేసినట్టుందే," అంది అప్పయ్యమ్మ.

శాఖవారి సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది హైమవతి. అవతల ఒకాయన చాలా మర్యాదగా మాట్లాడాడు.

"కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టేరా మేడం?"

"నాలుగుసార్లు పెట్టేనండి."

"ఐదోసారి?"

ఐదోసారీ పెట్టింది. త్రిభుజం కదల్లేదు.

"అయితే ఫిర్యాదు నమోదు చెయ్యండి మేడం. నెట్‌లో మాత్రమే నమోదవుద్ది."

"నెట్ లేదనే కదండీ ఫిర్యాదు?"

"అందుకే చెప్తన్నాను మేడం. నెట్ వచ్చేక చెయ్యండి."

చివరికి ఆ వీధికి కేబుల్ ఇచ్చే మస్తాన్ వలీని పిలిచింది. అతను వచ్చి, వయసు మీరిన పెద్దమనిషిని పలకరించినంత గౌరవంగా కంప్యూటరును పరామర్శించాడు.

"ముందు ఇందులో తేదీ చూడండమ్మా. పదమూడేళ్ల కిందటిది చూపిస్తంది. లోపల బ్యాటరీ చచ్చిపోయింది."

"మా ఆఫీసు ఫైళ్ల ప్రకారం అదే సరైన తేదీ," అంది హైమవతి.

మస్తాన్ వలీ తేదీ సరిచేశాడు. త్రిభుజం కదల్లేదు. రౌటరు వైపు చూశాడు, కంప్యూటరు వైపు చూశాడు.

"రౌటరు కొత్తదమ్మా. పాస్‌వర్డ్ అడిగే పద్ధతి కొత్తది. ఈ పెద్దాయనకి ఆ పద్ధతి తెలీదు. అదొక భాషలో అడుగుద్ది, ఇదొక భాషలో చెప్పుద్ది. ఇద్దరూ మంచోళ్లే. కుదర్దంతే."

"మరేం చెయ్యాలి?"

"తీగ గుచ్చేద్దాం. తీగకి భాషతో పన్లేదు."

సంచీలోంచి తీగ తీసి ఒక కొస రౌటరుకు, ఒక కొస కంప్యూటరుకు గుచ్చాడు. త్రిభుజం మాయమైంది. హైమవతి సాయంత్రం ఐదింటిదాకా పనిచేసి, పదిహేడు ఫైళ్లు కదిపింది.

అక్కడితో ఆపితే ఈ కథే లేదు. సాయంత్రం ప్రతి ఉద్యోగీ ఒక నమూనా నింపి పంపాలి. అందులో "సాంకేతిక సమస్యలు, వాటి పరిష్కారం" అని ఒక గడి ఉంది. మిగతా నలభై ముగ్గురి కంప్యూటర్లూ ఆవేళ నెట్ మొహం చూడనే లేదు. వాళ్లంతా ఫోన్లో ఆ నమూనా తెరిచి "సమస్యలు లేవు" అని నింపి, హాయిగా నిద్రపోయారు. హైమవతి ఒక్కతే రాసింది: "సమస్య కలదు. మూడు మీటర్ల తీగ గుచ్చగా పోయినది."

శుక్రవారం సూపరింటెండెంటు త్రిమూర్తులుగారు ఆమెను పిలిచారు. ఏడాదిలో రిటైరయ్యే మనిషి. ఎవరికీ చెడు చేయకుండా బయటపడిపోవాలని ఆయన కోరిక.

"ఎంత పని చేసేవమ్మా హైమవతీ! పథకం పేరేంటి?"

"తీగరహిత గృహవిధి పథకమండి."

"మరి తీగెక్కడిది?"

"మస్తాన్ వలీదండి."

ఆయన తల పట్టుకుని, మెమో ఆమె చేతిలో పెట్టారు. "పై విషయమై తెలియజేయునదేమనగా, తీగరహిత పథకమందు తీగ ఏ విధముగా ప్రవేశించినదో మూడు దినములలోగా సంజాయిషీ దాఖలు చేయవలెను." హైమవతి ఆ రోజే రాసిచ్చింది: "గుచ్చగా ప్రవేశించినది."

ఆ జవాబు పైవాళ్లకు తలబిరుసుగా తోచింది. పాపం, ఆమెకు తెలిసిన నిజం అంతే. తరువాతి గురువారం పొద్దున్నే విద్యానందరావుగారే తనిఖీకి వచ్చారు. వెనకాల త్రిమూర్తులుగారు టేపు పట్టుకుని వచ్చారు. అప్పయ్యమ్మ కాఫీలిచ్చింది. కాఫీ తాగుతూ తీగను కొలిచారు.

"మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లండి," అన్నారు త్రిమూర్తులుగారు.

"నివేదికలో మూడే కదా? ఇరవై సెంటీమీటర్ల వ్యత్యాసం నమోదు చేయండి." జాయింట్ డైరెక్టరుగారు హైమవతి వైపు తిరిగారు. "ఈ తీగ తాత్కాలికమా, శాశ్వతమా?"

"గుచ్చితే ఉంటుంది, పీకితే వచ్చేస్తుందండి."

"అనగా ఇచ్ఛాధీనము. రాయండి." ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. "ప్రభుత్వ యంత్రమునకు తీగ జోడించుట కార్యాలయ ప్రాంగణంలో మాత్రమే అనుమతించబడును. ఇది గృహము. కనుక ఇచ్చట తీగ అక్రమము."

"తీసేద్దామాండి?" అన్నారు త్రిమూర్తులుగారు ఆశగా.

"ఎట్లు తీయుదుము? అది రికార్డులకెక్కినది. రికార్డులకెక్కిన తీగను తొలగించుటకు నియమావళిలో అవకాశము లేదు. కావున తీగ యథాతథము. మార్చవలసినది తీగను కాదు, ఇంటిని."

గవర్రాజు కంగారుగా లేచాడు. "ఇంటిని మారుస్తారా? ఎక్కడికండీ?"

"ఎక్కడికీ కాదు. స్వభావమును మార్చెదము."

పది రోజుల్లో మారిపోయింది. గుమ్మం మీద నీలం బోర్డు వేలాడింది: "గృహ సంఖ్యల సవరణ శాఖ, ఉపకార్యాలయము, కొబ్బరితోట వీధి." బోర్డుతోపాటు ఒక బెంచీ, గోడ గడియారం, హాజరు పట్టిక, పాత ప్రింటరు, రబ్బరు స్టాంపు, "నిశ్శబ్దము పాటింపుడు" అన్న అట్ట వచ్చాయి. వంటగది రికార్డు గది అయింది. ఇంటి నంబరును రిజిస్టరులోంచి కొట్టేశారు, కార్యాలయానికి ఇంటి నంబరెందుకని. బుధవారం మధ్యాహ్నం డిపో నుంచి వచ్చిన గవర్రాజు సందర్శకుల పుస్తకంలో సంతకం చేసి లోపలికి రావలసి వచ్చింది. "వచ్చిన పని" అన్నచోట "పప్పుచారు" అని రాశాడు.

హైమవతి ఇవన్నీ ఓర్చుకుంది. ఎలాగోలా ప్రమోషన్ వస్తే చాలనుకుంది. అప్పుడు వచ్చింది రెండో మెమో.

"బుధవారము నాడు గృహము నుండి విధులు నిర్వర్తించవలసియుండగా, తమరు నిబంధనలకు విరుద్ధముగా కార్యాలయమునకు హాజరైనట్లు తెలియవచ్చినది. సదరు దినమున తమరు గృహమునందు గైరుహాజరైనట్లు పరిగణించడమైనది."

త్రిమూర్తులుగారి బల్ల ముందు నిలబడి ఆమె ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"నేను మా ఇంట్లోనే ఉన్నానండి."

"అది ఇల్లు కాదు కదమ్మా."

"మరి మా ఇల్లేది?"

ఆయన జాలిగా చూశారు. "రికార్డుల ప్రకారం నీకు ఇల్లు లేదమ్మా. నంబరు కోసం అర్జీ పెట్టుకో. అయితే ఆ అర్జీలు చూసే సీటు నీదే, నీ ఫైలు నువ్వు చూడకూడదు. ఇంకోళ్లకి వెయ్యాలంటే..."

"ఏడేళ్లు పడుతుంది," అని ఆమే పూర్తి చేసింది.

ఇంటికొచ్చి బెంచీ మీద కూలబడింది. ఏడవలేదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆమెకు కోపం వచ్చింది. కోపం అలవాటు లేని మనిషి కావడంతో దాన్నేం చేసుకోవాలో తెలియలేదు. అప్పయ్యమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నాకో సంగతి చెప్పు. ఇది ఆఫీసేనా?"

"ఆఫీసే అత్తయ్యా."

"ఆఫీసైతే జనం రావొద్దా? అర్జీలియ్యొద్దా? నేను పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచీ జనం లేని ఆఫీసు చూళ్లేదు."

ఆ మాట హైమవతి చెవిలో పడి అక్కడే తిరిగింది. ఆదివారమంతా కార్యాలయ నిర్వహణ నియమావళి ముందేసుకుని కూర్చుంది. ఆరువందల పేజీలు. శాఖలో దాన్ని ఎవరూ చదవలేదు, చదివామని అందరూ సంతకాలు చేశారు. సాయంత్రానికి రెండు నిబంధనలు దొరికాయి. ఒకటి, ప్రతి కార్యాలయమూ పనివేళల్లో ప్రజల అర్జీలు తీసుకోవాలి. రెండు, అధికారిని నియమించని కార్యాలయంలో అక్కడున్నవారిలో సీనియరే ఇన్‌ఛార్జి. అధికారికుండే సంతకాల హక్కులన్నీ వారికే. కొబ్బరితోట వీధి ఉపకార్యాలయంలో ఉన్నది ఒకే ఒక్కరు. అందరిలోకీ సీనియరు ఆమే.

"అత్తయ్యా," అంది పుస్తకం మూస్తూ, "బుధవారం ఎవరైనా వస్తారంటారా?"

"నువ్వు చూస్తూ ఉండు," అని అప్పయ్యమ్మ చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లింది.

బుధవారం పదిన్నరకి బెంచీ నిండింది. పదకొండుకి వరస వీధి మొగ దాటింది. అందరికంటే ముందు కూర్చున్నది ఎండుచేపలమ్మే పోలమ్మ. ఆమె ఒళ్లో పాలిథిన్ సంచీ, సంచీలో తొమ్మిదేళ్ల కాగితాలు.

"ఏంటమ్మా నీ సమస్య?" అని అడిగింది హైమవతి, తెలిసి కూడా.

"మా ఇల్లు మీ పుస్తకంలో నుయ్యని రాసేరమ్మగారూ."

నిజమే. ఎవరో గుమాస్తా ఒక వరస కింద రాయవలసింది పై వరసలో రాశాడు. తొమ్మిదేళ్లుగా పోలమ్మ, ఆమె కూతురు, మనవలిద్దరూ ప్రభుత్వ రికార్డుల ప్రకారం నూతిలో కాపురం ఉంటున్నారు. నూతికి గ్యాసు ఇవ్వరు. నూతికి కరెంటు మీటరు పేరు మార్చరు. మూడుసార్లు తనిఖీకి వెళ్లినవాళ్లు రాసింది ఫైల్లో ఉంది: "స్థల పరిశీలన చేయగా సదరు నుయ్యి కనిపించలేదు. చూడబోగా ఒక ఇల్లు అడ్డముగా నున్నది. నుయ్యి లభ్యమైన పిమ్మట అర్జీ పరిశీలించబడును."

ఆ ఫైలు హైమవతి బల్ల మీదుగా నాలుగుసార్లు వెళ్లింది. నాలుగుసార్లూ ఆమె అందంగా గుండ్రటి అక్షరాలతో "ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది" అని రాసింది. అందులో అబద్ధమేమీ లేదు. ఇప్పుడు ఆ అక్షరాలను తెర మీద చూస్తుంటే ఆమె చెవులు వేడెక్కాయి.

ముసలి కంప్యూటరు గుర్రుమంటూ రిజిస్టరు తెరిచింది. "నుయ్యి" అన్నది చెరిపేసి "ఇల్లు" అని కొట్టింది. నంబరు వేసింది. పత్రం అచ్చు తీసి, సంతకం పెట్టి, స్టాంపు గుద్దింది. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది.

పోలమ్మ కాగితం వైపు చూసి, చెయ్యి చాపలేదు. "మళ్లీ ఎప్పుడు రమ్మంటారమ్మగారూ?"

"రానక్కర్లేదు పోలమ్మా. అయిపోయింది."

"అయిపోడమేంటమ్మా?"

"నీ ఇల్లు ఇల్లైపోయింది. ఇదిగో."

పోలమ్మ కాగితం తీసుకుంది. లేవబోయి మళ్లీ కూర్చుంది. వెనకవాళ్లు తొందరపెడుతున్నా కదల్లేదు. కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరికో చెబుతున్నట్టుగా అంది: "తొమ్మిదేళ్లు నూతిలో ఉన్నానమ్మా. ఇయ్యాలే బైటికొచ్చేను. కాస్త ఊపిరాడనీండి."

హైమవతి తల వంచుకుని తరువాతి అర్జీ అందుకుంది.

ఆ రోజు అరవై ఒకటి తేలాయి. పై బుధవారం తొంభై. ఆ పై బుధవారం పక్క పేటల నుంచి ఆటోల్లో వచ్చారు. అప్పయ్యమ్మ వరసలు దిద్దుతూ, ముసలివాళ్లకు మజ్జిగ ఇస్తూ, కాగితాలు సరిగా లేనివాళ్లను కసురుతూ ఆ ఆఫీసుకు ప్రాణమైపోయింది. గవర్రాజు ఆ రోజుల్లో డిపోలోనే భోంచేసేవాడు. మూడు బుధవారాలకు కలిపి రెండువందల నలభై ఎనిమిది ఫైళ్లు మూతపడ్డాయి.

ఈ వార్త పైఆఫీసులో పిడుగులా పడింది. విద్యానందరావుగారు అత్యవసర సమావేశం పెట్టారు.

"ఇది ఎట్లు సంభవించినది?" అన్నారాయన. "పెండింగు అనునది శాఖకు పునాది. వెయ్యి పెండింగులకు ఒక అసిస్టెంటు పోస్టు, అయిదు వేలకు ఒక సూపరింటెండెంటు. ముప్పది ఏండ్లుగా మన పూర్వులు రాయి రాయి పేర్చి కట్టిన పెండింగు ఇది. ఈ వేగమున సంవత్సరము తిరుగునప్పటికి మనమెవ్వరమూ ఉండము!"

"బోర్డు తీసేద్దామాండి?" అన్నారెవరో.

"ఏ కారణము చూపి? పని జరిగినదని వ్రాయుదుమా?"

"సస్పెండు చేద్దామండి."

"ఆమె నిబంధనలు అతిక్రమించలేదు. అదియే ఆమె చేసిన ద్రోహము."

త్రిమూర్తులుగారు మెల్లగా గొంతు సవరించుకున్నారు. "అయ్యా, సూపరింటెండెంట్లకి ఫైలు పరిష్కరించే అధికారం లేదు కదండీ. పరిశీలించే అధికారమే. నేను పన్నెండేళ్లుగా పరిశీలిస్తన్నాను. ఒక్కటీ తెగలేదు."

విద్యానందరావుగారి మొహం వికసించింది. గృహ హాజరు తక్కువైన సంగతి ఎవరూ ఎత్తలేదు. "శాఖ విశాల ప్రయోజనముల దృష్ట్యా" హైమవతిని సూపరింటెండెంటుగా ప్రమోట్ చేస్తూ, ఆమె బాధ్యతలు అప్పగించిన తేదీ నుంచి కొబ్బరితోట వీధి ఉపకార్యాలయాన్ని రద్దు చేసి, తిరిగి గృహంగా గుర్తిస్తూ ఆ సాయంత్రమే ఉత్తర్వు తయారైంది.

మర్నాడు పొద్దున్నే త్రిమూర్తులుగారు దాన్ని స్వయంగా పట్టుకొచ్చారు. కూడా కాకినాడ కాజాల డబ్బా తెచ్చారు.

"శుభాకాంక్షలమ్మా! తిరిగే కుర్చీ సిద్ధంగా ఉంది."

హైమవతి ఉత్తర్వు చదివింది. ఇరవై రెండేళ్లుగా ఎదురుచూసిన కాగితం. ఇది చేతికొస్తే అత్తగారి కాళ్లకు దండం పెట్టాలనీ, డిపోకు ఫోన్ చేసి భర్తకు చెప్పాలనీ ఎన్నోసార్లు అనుకుంది. సంతోషం వచ్చింది కూడా. రాకేం? కానీ ఎందుకిచ్చారో అక్షరానికీ అక్షరానికీ మధ్యన కనిపిస్తూనే ఉంది. గుమ్మం బయట బెంచీ మీద అప్పుడే ఇద్దరు ముసలివాళ్లు కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. బుధవారం కాదని అప్పయ్యమ్మ చెబుతున్నా లేవడం లేదు.

"మరి అప్పగించేస్తావా అమ్మా?" అన్నారు త్రిమూర్తులుగారు. "ఉన్నదేముంది, ఒక కంప్యూటరు, ఒక బెంచీ, గడియారం. గంటలో లెక్క చూసేసుకుందాం."

హైమవతి లోపలికి వెళ్లి ఆరువందల పేజీల పుస్తకం తెచ్చి, గుర్తు పెట్టుకున్న చోట తెరిచింది.

"కార్యాలయం రద్దయినప్పుడు బాధ్యతల అప్పగింతకి పదిహేను రోజులు గడువుందండి. అప్పటిదాకా ఇన్‌ఛార్జి అధికారాలు యథాతథం."

"ఉందనుకో. కానీ అంత ఎవరూ వాడుకోరమ్మా!"

"నేను వాడుకుంటానండి," అంది హైమవతి, కాజా ఒకటి తీసుకుని. తరువాత గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్లి, వేలుతో లెక్కపెట్టింది.

"అందులో బుధవారాలు రెండున్నాయి."